కొత్త కాంక్రీటు ఎందుకు పగులుతుంది? నీళ్ల లెక్క, గీతల లెక్క

ఇంటి ముందు కారు నిలిపే చోట కాంక్రీటు పోయించి నెల తిరగకముందే ఒక మూల నుంచి వెంట్రుకంత గీత బయలుదేరుతుంది. ఇంటివారు మేస్త్రీని నిలదీస్తారు. మేస్త్రీ నేరాన్ని ఎండ మీదకు నెడతాడు. రెడీమిక్స్ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు) పంపినవారు, బండి వచ్చాక అందులో నీళ్లు కలిపించారని అంటారు. పక్కింటి పెద్దమనిషి వచ్చి, లోపల ఇనుప జాలీ వేయించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదని తేల్చేస్తాడు. నలుగురి మాటలోనూ కొంత నిజం ఉంది, ఎవరి మాటా పూర్తిగా నిజం కాదు. పగలకుండా ఉండే కాంక్రీటు దాదాపు లేదు కాబట్టి, ఎవరిది తప్పు అని అడిగే ముందు ఎక్కడ పగిలింది, ఎప్పుడు పగిలింది, ఎంత వెడల్పున పగిలింది అని అడగాలి.

గట్టిపడటం వేరు, ఆరిపోవడం వేరు

కాంక్రీటులో ప్రధానంగా ఉండేవి నాలుగు: సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు. మొత్తం ఘనపరిమాణంలో ఇసుక, కంకరల వాటాయే 60 నుంచి 75 శాతం. సిమెంటు 15 శాతం దాటడం అరుదు. అయినా మిగతావాటిని పట్టి ఉంచేది అదే.

సిమెంటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఆరి గట్టిపడేది బురద. దాని మీద నీళ్లు పోస్తే మళ్లీ బురదే అవుతుంది. సిమెంటు రేణువులు నీటితో రసాయనికంగా కలిసి కొత్త పదార్థంగా మారతాయి. దీన్నే హైడ్రేషన్ అంటారు. నీటి అడుగున పోసిన వంతెన పునాదులు గట్టిపడేది ఇందువల్లే. లోపలి తేమ పోతే ఈ చర్య మందగించి, చివరికి నిలిచిపోతుంది.

వంద కిలోల సిమెంటు పూర్తిగా మారడానికి రసాయనికంగా కావలసిన నీళ్లు సుమారు 23 కిలోలు. కొత్తగా పుట్టే పదార్థం తన సూక్ష్మ రంధ్రాల్లో మరికొంత నీటిని పట్టి ఉంచుకుంటుంది. రెండూ కలిపితే 40 కిలోల పైచిలుకు. అంతకు మించి పోసేది మిశ్రమం సులువుగా కదలడానికే తప్ప సిమెంటుకు అక్కరకు రాదు. ఆ మిగులు నీరు ఆవిరైపోయాక దాని స్థానంలో ఖాళీలు ఉండిపోతాయి. బలం తగ్గేది, వాననీరు, ఉప్పు లోపలికి చొరబడేది ఆ ఖాళీల వల్లే.

బస్తాకు ఐదు లీటర్ల తేడా

నీళ్ల బరువును సిమెంటు బరువుతో భాగిస్తే వచ్చే అంకె నీరు–సిమెంటు నిష్పత్తి. సామగ్రి ఒకటే అయి, గాలి బుడగలు మిగలకుండా చక్కగా కూరినప్పుడు కాంక్రీటు బలాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఈ నిష్పత్తేనని అమెరికా ఇంజినీరు డఫ్ అబ్రామ్స్ 1918లో ప్రచురించాడు. కొత్త రసాయనాలు ఎన్ని వచ్చినా ఇళ్ల పనుల్లో ఈ సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది.

ఒక లెక్క చూద్దాం. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు పోస్తే నిష్పత్తి 0.5. మిశ్రమం బిగువుగా ఉంది, తాపీకి లొంగడం లేదు. ఎవరో ఇంకో 5 లీటర్లు పోశారు. నిష్పత్తి 0.6 అయింది. ముద్ద సులువుగా జారింది, పని గంట ముందే ముగిసింది. 28 రోజుల తర్వాత పరీక్షిస్తే మాత్రం బలంలో దాదాపు ఐదో వంతు తగ్గి ఉంటుంది. పోసిన సాయంత్రం చూస్తే ఈ నష్టం కనిపించదు సరికదా, పలచటి మిశ్రమమే నునుపుగా పరుచుకుని ఎక్కువ అందంగా ఉంటుంది. ఈ పనిలో అసలు చిక్కు ఇదేనని నాకనిపిస్తుంది: మంచి పని, చెడ్డ పని మొదటి రోజు తారుమారుగా కనిపిస్తాయి.

ఆ ఐదు లీటర్లు ఎవరూ పోయకుండానే వచ్చి చేరే దారి కూడా ఒకటుంది. బస్తా సిమెంటుకు 100 కిలోల ఇసుక వాడుతున్నారనుకుందాం. రాత్రి వాన కురిసి ఇసుకలో 5 శాతం తేమ ఉంటే, దానితో పాటే నాలుగైదు లీటర్ల నీళ్లు మిశ్రమంలోకి వచ్చేస్తాయి. నీళ్లు పోసే మనిషి నిజాయతీగా 25 లీటర్లే కొలిచి పోసినా లెక్క తప్పుతుంది. పైగా తడి ఇసుక ఉబ్బుతుంది. పొడి ఇసుక కంటే పాతిక శాతం ఎక్కువ చోటు ఆక్రమించడం మామూలే. పెట్టెలతో కొలిస్తే ఇసుక తక్కువ, నీళ్లు ఎక్కువ పడతాయి.

రెడీమిక్స్ ప్లాంటుకు ఉన్న గట్టి బలం ఇక్కడే. అక్కడ అన్నీ బరువుతో తూస్తారు, ఇసుక తేమను బట్టి నీళ్లు తగ్గిస్తారు. దాని బలహీనత దారిలో ఉంది. నీళ్లు తగిలిన క్షణం నుంచే సిమెంటు తన పని మొదలుపెడుతుంది, ఎండలో ఇంకా తొందరపడుతుంది. బండి ఆలస్యమై బిగుసుకున్న మిశ్రమంలో పైపుతో నీళ్లు కొడితే ప్లాంటులో పడిన శ్రమంతా వృథా. చిన్న పనికి, తూకం తెలిసిన మేస్త్రీ అక్కడికక్కడ కలిపిన కాంక్రీటు అంతకంటే మేలు కావచ్చు.

మిశ్రమం ఎంత పలచగా ఉందో చూడటానికి స్లంప్ పరీక్ష చేస్తారు. 300 మిల్లీమీటర్ల ఎత్తు, అడుగున 200, పైన 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే ఇనుప గొట్టంలో కాంక్రీటు నింపి, గొట్టాన్ని నిటారుగా పైకి లాగి, కుప్ప ఎంత కుంగిందో కొలుస్తారు. ఇళ్ల స్లాబులకు సాధారణంగా 75 నుంచి 100 మిల్లీమీటర్ల కుంగుబాటు కోరతారు. అయితే సూపర్ ప్లాస్టిసైజర్ అనే రసాయనం వాడితే నీళ్లు పెంచకుండానే మిశ్రమం 150 మిల్లీమీటర్లకు పైగా కుంగుతుంది. కాబట్టి జారుగా ఉన్న ప్రతి కాంక్రీటూ నీళ్ల కాంక్రీటు కాదు. అది రసాయనం వల్ల వచ్చిన జారో నీళ్ల వల్ల వచ్చిన జారో కంటితో చెప్పడం కష్టం. కలిపిన లెక్క చూడాల్సిందే.

పోశాక కావలసిన నీళ్లు

కలిపేటప్పుడు ఎక్కువైతే చెరుపు చేసే నీళ్లే, పోసిన తర్వాత తక్కువైతే చెరుపు. హైడ్రేషన్ సాగడానికి తేమను పట్టి ఉంచడమే క్యూరింగ్. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన కాంక్రీటు ఏడు రోజుల్లో 28 రోజుల బలంలో దాదాపు మూడింట రెండు వంతులు అందుకుంటుంది. అందుకే కనీసం ఏడు రోజులు తడపాలని చెబుతారు. ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), స్లాగ్ (ఇనుప కొలిమి చిట్టెం) కలిపిన సిమెంట్లు నెమ్మదిగా బలం పుంజుకుంటాయి. వాటికి 10 నుంచి 14 రోజులు కావాలి.

తడపకపోతే మొదట దెబ్బతినేది పైపొర. మందమైన స్లాబులో లోపలి తేమ కొంతకాలం నిలుస్తుంది. పైనున్న కొద్ది మిల్లీమీటర్లు మాత్రం ఒక్క పూటలో ఎండిపోతాయి. ఏడాది తర్వాత చీపురు పెట్టిన ప్రతిసారీ బూడిదలా పొడి రాలడానికి చాలాసార్లు ఇదే కారణం.

మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపడం, తడి గోనెపట్టాలు పరచడం, ప్లాస్టిక్ షీటు కప్పడం, పైన పొరలా అంటుకునే క్యూరింగ్ ద్రావణం పిచికారీ చేయడం అన్నీ వాడుకలో ఉన్నవే. ఏది మేలు అన్న దానికి అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నిలిచిన నీళ్లంత నమ్మకమైనది లేదు కానీ వాలుగా ఉన్న దారి మీద నీళ్లు నిలవవు. గోనెపట్టా మంచిదే, మధ్యాహ్నం ఎండిపోయి సాయంత్రం మళ్లీ తడిసే గోనెపట్టా వల్ల పైపొర సాగి, ముడుచుకుని కొత్త పగుళ్లు రావచ్చు. ద్రావణం శ్రమను తగ్గిస్తుంది, కానీ తర్వాత ఆ పొర మీద టైల్సు జిగురు, రంగు సరిగా పట్టవు.

ఇక మేస్త్రీ చెప్పిన ఎండ సంగతి. పోసిన తొలి గంటల్లో పై నుంచి గంటకు చదరపు మీటరుకు ఒక కిలో కంటే ఎక్కువ నీరు ఆవిరైపోతుంటే పగుళ్ల ముప్పు బాగా పెరుగుతుందని ఇంజినీర్లు ఒక గుర్తు పెట్టుకుంటారు. ఆ వేగాన్ని పెంచేది ఎండ ఒక్కటే కాదు. గాలి, గాలిలో తేమ లేకపోవడం కూడా పెంచుతాయి. గాలి స్తంభించిన ఎండ రోజు కంటే, మబ్బు పట్టి పొడిగాలి విసిరే రోజు ఎక్కువ చేటు చేయగలదు. ఎండ లేదు కదా అని ఆ రోజు ఎవరూ జాగ్రత్తపడరు.

పగులు ఆకారాన్ని బట్టి కారణం

పోసిన రోజే, ఇంకా మెత్తగా ఉన్నప్పుడే, ఒకదానికొకటి సుమారు సమాంతరంగా ఏటవాలుగా కనిపించే పొట్టి పగుళ్లు ఆ ఆవిరి వల్ల వచ్చినవి. లోపలి రాడ్ల వరుసకు సరిగ్గా పైన గళ్లుగా వచ్చేవి, కాంక్రీటు రాడ్ల చుట్టూ కిందికి కుంగడం వల్ల పుట్టినవి. సాలెగూడులా సన్నగా అల్లుకునేవి పైపొరకే పరిమితం, చూపుకు బాగుండవు తప్ప బలానికి హాని చెయ్యవు. వారాల తర్వాత పలకను అడ్డంగా కోసినట్టు వచ్చే పగులు ఎండి ముడుచుకోవడం వల్ల వచ్చింది.

పగులుకు ఒక పక్క ఎత్తుగా, మరో పక్క పల్లంగా ఉంటే అనుమానించాల్సింది కింది నేలను. ఇంటి కప్పులో పగులు వెంట తుప్పు మరక దిగుతుంటే లోపలి రాడ్లను తుప్పు తింటోందని అర్థం. ఈ రెండింటి విషయంలో పైపై పూతలతో సరిపెట్టుకోకుండా ఇంజినీరుకు చూపించడమే దారి.

ముడుచుకోవడం ఎంత? మామూలు కాంక్రీటు ఎండేకొద్దీ పది లక్షల్లో సుమారు 500 భాగాలు పొట్టిదవుతుంది. ఆరు మీటర్ల దారికి అది 3 మిల్లీమీటర్లు. స్వేచ్ఛగా ముడుచుకోగలిగితే ఏ గొడవా లేదు. కానీ అడుగున నేల పట్టి ఉంచుతుంది, పక్కన గోడ అడ్డుపడుతుంది. లాగుడును తట్టుకోవడంలో కాంక్రీటు బలం నొక్కుడును తట్టుకునే బలంలో పదో వంతే. తెగకుండా సాగగలిగేది పది లక్షల్లో 100 నుంచి 150 భాగాలే. 500 ముడుచుకోవాలి, 150 సాగగలదు. ఒత్తిడి నెమ్మదిగా పెరిగితే కాంక్రీటు కొంత సర్దుకుంటుంది కానీ మిగతా తేడా పగులుగా బయటపడుతుంది. మిశ్రమంలో నీళ్లు ఎక్కువైతే ఆ 500 ఇంకా పెరుగుతుంది.

కావాలని కోసే గీతలు

పగులు తప్పనప్పుడు దాన్ని మనం చెప్పిన చోట రప్పించుకోవడమే జాయింటు ఉద్దేశం. పలక మందంలో నాలుగో వంతు లోతుకు గీత కోస్తే అక్కడ పలక బలహీనపడుతుంది. పగులు ఆ గీత అడుగునే, కంటికి కనబడకుండా వస్తుంది. గీతల మధ్య దూరం మందానికి 24 నుంచి 30 రెట్లు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం.

మూడు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల మందం ఉన్న దారి తీసుకోండి. గీతల మధ్య దూరం 2.4 నుంచి 3 మీటర్లు ఉండాలి. నడిమధ్యన 25 మిల్లీమీటర్ల లోతున ఒక అడ్డగీత కోస్తే మూడేసి మీటర్ల రెండు చదరాలు వస్తాయి, లెక్క సరిపోతుంది. దారి వెడల్పు 3.6 మీటర్లయితే? అప్పుడు నిలువునా ఇంకో గీత కావాలి. చాలామంది అందం చెడుతుందని దాన్ని వదిలేస్తారు, ఏడాదికి కాంక్రీటే ఆ గీతను వంకరటింకరగా గీసుకుంటుంది. పలకలు చదరానికి దగ్గరగా ఉండాలన్నది మరో నియమం. పొడవు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటితే నడుమ పగిలే అవకాశం పెరుగుతుంది.

గేటు స్తంభం మూల, డ్రైనేజీ మూత చుట్టూ ఉన్న మూలలు గమనించండి. లోపలికి తిరిగిన మూలలో లాగుడంతా ఒక బిందువు దగ్గర పోగవుతుంది. మొదట్లో చెప్పిన వెంట్రుకంత పగులు దాదాపు ఎప్పుడూ అలాంటి మూల నుంచే, 45 డిగ్రీల ఏటవాలుగా మొదలవుతుంది. జాయింటు గీత ఆ మూలను తాకేలా వేస్తే పగులు గీతలోకి పోతుంది. స్తంభాలకు, గోడలకు ఆనుకునే చోట ఇంకో రకం జాయింటు ఉంటుంది: పలకను వాటి నుంచి పూర్తిగా విడదీసే మెత్తటి పట్టీ. గోడ కదలిక గోడదే, పలక కదలిక పలకదే.

కోత వేళ కూడా తేలిక విషయం కాదు. తొందరపడితే కంకర ఊడి గీత అంచులు చెదిరిపోతాయి. ఆలస్యమైతే పగులు ముందే వచ్చేస్తుంది. వాతావరణాన్ని బట్టి పోసిన 4 నుంచి 18 గంటల మధ్య ఎక్కడో ఆ అదను ఉంటుంది. వేడి రోజున అది రాత్రివేళ పడవచ్చు. మర్నాడు ఉదయం తీరిగ్గా మిషను తెచ్చేసరికి పలక తన నిర్ణయం తాను తీసుకుని ఉంటుంది.

లోపలి ఇనుము దేనికి

పక్కింటి పెద్దమనిషి మాట ఇక్కడికి వస్తుంది. ఇంటి కప్పుకు రాడ్లు లేనిదే నిలబడే మార్గం లేదు: గోడల మధ్య వేలాడే స్లాబు నడుమ అడుగుభాగాన లాగుడు పుడుతుంది, దాన్ని మోసేది ఇనుమే. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే బాల్కనీలో లాగుడు పైభాగాన పుడుతుంది కనుక రాడ్లు పైన ఉండాలి. కూలీలు వాటిని తొక్కి కిందికి దించేస్తే ఇనుము మొత్తం ఉన్నా లేనట్టే.

నేల మీద ఆనిన పలక సంగతి వేరు. అక్కడ బరువును మోసేది నేల. జాలీ పగులును ఆపదు, వచ్చిన పగులు వెడల్పు కాకుండా, రెండు పక్కలు ఎగుడుదిగుడు కాకుండా పట్టి ఉంచుతుంది. అందుకని అది మందంలో పైభాగాన, పైనుంచి మూడో వంతు దగ్గర ఉండాలి. కవర్ బ్లాకులు (ఇనుమును ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) లేకుండా నేల మీద పరిచి, పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతామనే పద్ధతి ఉంది. పలక కోసి చూస్తే జాలీ చాలాసార్లు మట్టిలోనే దొరుకుతుంది.

నేల బాగా దిమ్మిస కొట్టి, గీతలు దగ్గరగా కోస్తే కార్లు తిరిగే దారికి ఇనుమే అక్కర్లేదని ఒక వర్గం ఇంజినీర్లు అంటారు, లెక్క ప్రకారం అది సరైనదే. నేల ఎక్కడా సమంగా ఉండదు, కాబట్టి జాలీ ఒక బీమా అని రెండో వర్గం వాదన. అనుభవం ఈ వైపు మొగ్గుతుంది. సన్నటి పాలీప్రొపిలీన్ నారలు కలపడం మూడో దారి. అవి తొలి గంటల పగుళ్లను తగ్గిస్తాయి, గట్టిపడిన తర్వాత వాటి పాత్ర అంతంతమాత్రం. ఉక్కు నారలు, లావుపాటి ప్లాస్టిక్ నారలు ఆ తర్వాత కూడా పనిచేస్తాయి. నారలు అని ఒకే పేరుతో అమ్ముడుపోయే సన్నటి నారలనూ, ఈ గట్టి నారలనూ ఒకటనుకోవడం వల్లే వాటి మీద ఇన్ని వాదనలు.

ఇనుము కంటే చవకైన బలం మందం. పలక వంగుడును తట్టుకునే శక్తి మందం వర్గాన్ని (మందాన్ని మందంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 100 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట మట్టి ఎత్తుగా ఉండి 75 మాత్రమే పడితే, మిగిలే శక్తి 75 శాతం కాదు, దాదాపు 56 శాతం. అడుగు నేలను సమం చేయడానికి పెట్టిన అరపూట వృథా కాదని చెప్పేది ఈ లెక్కే.

పైపొర, రంగులు, ముద్రలు

పోసి మట్టం చేశాక కాసేపటికి నీరు పైకి ఊరి మెరుస్తుంది. ఆ మెరుపు పోయి, బూటు కాలు పెడితే ఆరు మిల్లీమీటర్ల లోతు ముద్ర పడే స్థితికి వచ్చినప్పుడు తాపీ పని మొదలవ్వాలి. అంతవరకు ఆగలేక పొడి సిమెంటు చల్లి నీటిని పీల్పించి రుద్దడం చాలా చోట్ల అలవాటు. దాంతో పైన సిమెంటు ఎక్కువ, కంకర లేని పలచటి పొర తయారై, అది తన లెక్కన ముడుచుకుని సాలెగూడు పగుళ్లు వేస్తుంది, పెచ్చులుగా లేస్తుంది.

అలంకరణ పనులన్నీ ఈ పైపొర మీదే ఆధారపడినవి. రంగు కలిపే పద్ధతిలో ఐరన్ ఆక్సైడ్ పొడిని సిమెంటు బరువులో పది శాతం మించకుండా మిశ్రమంలోనే కలుపుతారు. నీళ్లు పెరిగితే రంగు పాలిపోతుంది కాబట్టి ఒక బండిలో నీళ్లు ఎక్కువైతే ఆ భాగం ఎప్పటికీ వేరుగానే కనిపిస్తుంది. రాయి, ఇటుక ఆకారాల అచ్చులు ఒత్తే స్టాంప్డ్ పనికి వేళే ప్రాణం. పెద్ద దారిలో మొదట పోసిన చోట అచ్చు దిగనంత గట్టిపడి, చివర పోసిన చోట ఇంకా జావగా ఉండటం మామూలే. ఆమ్లపు రంగులు గట్టిపడిన కాంక్రీటులోని సున్నంతో చర్య జరిపి మరకలు మరకలుగా వస్తాయి. ఏ మరక ఎక్కడ వస్తుందో ముందుగా చెప్పలేం. కొందరికి అదే అందం, కొందరికి అదే ఫిర్యాదు.

కంకర పైకి కనిపించేలా చేసే పద్ధతిలో సిమెంటును ఆలస్యం చేసే ద్రవాన్ని పైన పిచికారీ చేసి, కింది భాగం గట్టిపడ్డాక పైపొరను కడిగేస్తారు. జారని, మన్నికైన ముగింపు కావాలంటే నా ఓటు దీనికే. స్టాంప్డ్ కాంక్రీటు మీద మెరుపు కోసం వేసే యాక్రిలిక్ సీలర్ తడిసినప్పుడు జారుతుంది, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి, అడుగున తేమ ఉండగా వేస్తే తెల్లబారుతుంది. లోపలికి ఇంకే సైలేన్ రకం సీలర్లు మెరుపు ఇవ్వవు కానీ నీటిని లోపలికి రానివ్వవు, పొరలుగా ఊడవు.

పగిలిన తర్వాత

పగులు ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా అన్నది మరమ్మతుకు ముందు తేలాలి. పగులు రెండు కొసల దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాస్తారు. కొన్ని నెలల తర్వాత పగులు ఆ గీత దాటి పాకి ఉంటే అది కదులుతున్నట్టే. కదలని పగులును ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించవచ్చు. కదిలే పగులులో అదే ఎపాక్సీ నింపితే అతుకు పట్టు వదలదు, దాని పక్కన కొత్త పగులు వస్తుంది. అక్కడ సాగే గుణమున్న సీలెంటు కావాలి.

రంగు కాంక్రీటులో మాత్రం ఏ అతుకూ దాగదు. పాత భాగం ఎండకు, వానకు మారిన రంగులో ఉంటుంది, కొత్త ముద్ద తన సొంత రంగులో ఆరుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు పగులు వెంట పూయకుండా, ఒక జాయింటు గీత నుంచి ఇంకో గీత వరకు పలక మొత్తాన్ని కోసి తీసి మళ్లీ పోస్తారు. రంగు తేడా అప్పుడూ ఉంటుంది, కానీ చదరంగా గీత దగ్గర ఆగుతుంది కాబట్టి కావాలని వేసిన నమూనాలా కలిసిపోతుంది.